ముందు గుండు, ఆ తర్వాతే తుపాకీ

జూన్ మొదటి వారంలో డెన్వర్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, వేట లైసెన్సుల డ్రాలో నా పేరు వచ్చింది! సెప్టెంబర్‌లో మజిల్‌లోడర్ సీజన్, ఎల్క్ అనే పెద్ద జింక వేట. ఏ తుపాకీ కొనమంటావు?" అని ఒక్క ఊపిరిలో అడిగేశాడు. వాడి సంతోషం చూసి నాకూ సంతోషం వేసింది. కానీ వెంటనే ఏ పేరూ చెప్పలేదు. "ఎంత దూరంలో ఉన్న జంతువుని కొడదామనుకుంటున్నావు?" అని అడిగాను. కాస్త ఆగి, "షాపులో 200 గజాలు ఈజీ అన్నారు" అన్నాడు.

పన్నెండేళ్ల కిందట పెన్సిల్వేనియాలో ఒక షాపులో నాకూ ఇదే మాట చెప్పారు. నేను నమ్మాను. నమ్మి చేసిన పనికి ఒక ఆడ జింక రాత్రంతా నరకం అనుభవించి చచ్చిపోయింది. అందుకే వాడికి ఫోన్‌లో అరగంట చెప్పినా నాకు తృప్తి కలగలేదు. ఈ దేశంలో కొత్తగా వేట మొదలుపెడుతున్న మన కుర్రాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల కోసం కూడా ఇది రాస్తున్నాను.

మజిల్‌లోడర్ తుపాకీ గురించి తెలియనివాళ్లకి ముందు రెండు మాటలు. ఇందులో తూటా ఉండదు. గొట్టం మూతిలోంచి నల్లమందు అనే తుపాకీ మందు పోసి, దాని మీద సీసపు గుండు పెట్టి, పొడవాటి కడ్డీతో అడుగుదాకా దించాలి. ఒక్కసారే పేలుతుంది. మళ్లీ పేల్చాలంటే మళ్లీ మొదటినుంచీ అదంతా చేసుకోవాలి. చేయి తిరిగినవాడికి అర నిమిషం పడుతుంది. చలికి వేళ్లు కొంకర్లు పోయి, గుండె దడదడలాడుతుంటే రెండు నిమిషాలైనా చాలదు. మన వైపు భర్మార్ అంటారే, అదే జాతి. రంపచోడవరం దగ్గర మా తాతయ్య ఇంట్లో ఒకటి ఉండేది, పంట కాపలాకని లైసెన్సు మీద ఇచ్చినది. నాకు ఊహ తెలిసేనాటికే 1972 వన్యప్రాణి చట్టం వచ్చి వేట ఆగిపోయింది. జొన్నచేలోకి దిగిన పందుల్ని బెదరగొట్టడానికి ఆయన దాన్ని గాల్లోకి పేల్చడమే నేను చూశాను. రంజకం (ముందుగా నిప్పందుకునే మందు), చెకుముకి, తుపాకీ గుర్రం (దెబ్బ కొట్టే మీట) లాంటి మాటలు ఆయన నోటే మొదట విన్నాను. ఇప్పుడు అమెరికా అడవిలో ఆ మాటలే మనసులో అనుకుంటూ తుపాకీ నింపుకుంటాను.

ఇక్కడ చాలా రాష్ట్రాల్లో మామూలు రైఫిల్ సీజన్ కాకుండా మజిల్‌లోడర్లకు విడిగా కొన్ని రోజులు కేటాయిస్తారు. పెన్సిల్వేనియాలో 1974 నుంచి చెకుముకి తుపాకీ సీజన్ ఉంది. క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరిలోకి సాగుతుంది. చెకుముకి రాయి ఉక్కు మీద గీరుకుని, నిప్పురవ్వలు రంజకం మీద పడి, ఆ మంట చిన్న రంధ్రంలోంచి లోపలి మందుని అంటుకోవాలి. అలాంటి తుపాకీకే ఆ సీజన్‌లో అనుమతి. కొలరాడో తీరు వేరు. ఎల్క్‌కి కనీసం 50 కాలిబర్ ఉండాలి, అంటే గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం. దుర్భిణి పెట్టకూడదు. సాబో అనే ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన బుల్లెట్ వాడకూడదు. బిళ్లలుగా చేసిన మందు వాడకూడదు, పొడి మందు పోసుకోవాల్సిందే. ఈ రూల్స్ చదివి చాలామంది విసుక్కుంటారు. నాకు మాత్రం ఇవి ఎంతో ఆలోచించి పెట్టినవనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి కొట్టు అనే చెబుతున్నాయి ఆ రూల్స్ అన్నీ.

చట్టం సంగతి ఒకటి. 1968 నాటి ఫెడరల్ చట్టం ఈ రకం తుపాకుల్లో చాలావాటిని మామూలు తుపాకీ లెక్కలో చేర్చలేదు, అందుకే చాలా రాష్ట్రాల్లో పోస్టులో ఇంటికి వచ్చేస్తాయి. అది చూసి ఎక్కడైనా ఇంతేనని అనుకోవద్దు. న్యూజెర్సీలో వీటినీ తుపాకుల్లాగే చూస్తారు. వీసా మీద ఉన్నవాళ్లు కొనే ముందు తమ రాష్ట్రం రూల్ ఏమిటో కచ్చితంగా తెలుసుకోవాలి. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఎలాగూ చేయాలి, అక్కడే అడగొచ్చు.

ఇక నా సంగతి. ఆ షాపులో నాకు ఇన్‌లైన్ రకం 50 కాలిబర్ తుపాకీ అమ్మారు. ఇన్‌లైన్ అంటే నిప్పు పుట్టించే ప్రైమర్ మందుకి సరిగ్గా వెనకాలే ఉండే కొత్త రకం. 1985లో నైట్ కంపెనీ ఎంకే-85 వచ్చాక ఈ రకం దేశమంతా పాకింది. దానితో 50 గ్రెయిన్ల మందు బిళ్లలు ఒక డబ్బా, సాబో బుల్లెట్లు ఒక ప్యాకెట్. గ్రెయిన్ అంటే ఇక్కడి తూకం, సుమారు పదిహేను గ్రెయిన్లు ఒక గ్రాము. "మూడు బిళ్లలు వేయండి, 150 గ్రెయిన్లు. 200 గజాల దాకా ఆలోచించక్కర్లేదు" అన్నారు. నేను ఆలోచించలేదు. గురి సాధన చేసే రేంజ్‌లో 50 గజాల దగ్గర ఆరుసార్లు పేల్చాను. ప్రతిసారీ భుజం అదిరిపోయింది. మూడోసారి నుంచే పేలకముందే కళ్లు మూసుకుంటున్నానని అప్పుడు తెలుసుకోలేకపోయాను.

అక్టోబర్‌లో ఒక సాయంత్రం, కోసేసిన మొక్కజొన్న చేను అంచున ఆడ జింక నిలబడింది. 150 గజాలు ఉంటుంది. నాకు చెప్పిన 200 గజాల్లో అది లోపలే కదా అనుకున్నాను. పేల్చాను. పొగ తేలిపోయేసరికి జింక వెనక కాలు ఈడ్చుకుంటూ చెట్లలోకి వెళ్తోంది. టార్చి పట్టుకుని రాత్రి పదకొండింటిదాకా వెతికాను. ఎండుటాకు మీద ఒక చుక్క, ఇరవై అడుగుల అవతల మరో చుక్క, తర్వాత వాగు. పొద్దున్నే మళ్లీ వెళ్తే కాకులు చూపించాయి. కయోటీలు, అంటే ఇక్కడి నక్కల్లాంటి జంతువులు, సగం తినేశాయి. గుండు పొట్ట వెనక భాగంలో తగిలింది. అక్కడే ఆకుల్లో చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ ఏడాది మళ్లీ తుపాకీ ముట్టుకోలేదు.

తప్పు షాపుదని తోసేయడం సులభమే. కానీ ట్రిగ్గర్ మీద వేలు నాది. తర్వాత చదివీ, పేల్చీ, ఊళ్లోని పెద్ద వేటగాళ్లను అడిగీ నేను తెలుసుకున్నది ఒకటే. మనం వరసని తలకిందులు చేస్తున్నాం. ముందు తుపాకీ కొంటాం. తర్వాత అందులో పట్టినంత మందు పోస్తాం. ఆ తర్వాత ఏదో ఒక బుల్లెట్ పెడతాం. చివరికి అడవిలో ఎంత దూరంలో కనబడితే అంత దూరంలో పేలుస్తాం. అసలు మొదలవ్వాల్సింది దూరం దగ్గర. వణికించే చలిలో, వగరుస్తున్న ఊపిరితో, నేను ఎంత దూరం నుంచి అరచేయంత చోటులో తప్పకుండా కొట్టగలను? ఆ దూరం తేలాక, అక్కడ ఆ జంతువుకి ఏ గుండు సరిపోతుందో చూడాలి. ఆ గుండుకి గొట్టంలో ఎంత మెలి (లోపలి గాడుల చుట్టు) కావాలో అది చెబుతుంది. ఆ మెలి ఉన్న తుపాకీ కొనాలి. మందు చివరి మాట, అదీ చేతిలో తుపాకీ పట్టుకుని తేల్చుకోవాల్సిన మాట.

గుండు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ పొరబడేది ఇక్కడే. గుండ్రటి సీసపు గుండు చూడటానికి గోళీకాయలా ఉంటుంది. 50 కాలిబర్ తుపాకీలో 0.490 అంగుళాల గుండు వేస్తారు, బరువు 177 గ్రెయిన్లు. 54 కాలిబర్‌లో 0.530 గుండు, 224 గ్రెయిన్లు. వ్యాసం 8 శాతం పెరిగితే బరువు 26 శాతం పెరిగింది. గోళం బరువు వ్యాసానికి ఘనంలో పెరుగుతుంది కాబట్టి ఇలా అవుతుంది. 58 కాలిబర్‌కి వెళ్తే 278 గ్రెయిన్లు. ఇప్పుడు మందు వైపు చూద్దాం. గుండ్రటి గుండుకి గాలి పెద్ద శత్రువు. మూతి దగ్గర సెకనుకు 1,700 అడుగుల వేగంతో బయల్దేరినది 100 గజాలు వెళ్లేసరికి దాదాపు 40 శాతం పోగొట్టుకుంటుంది. ఎక్కువ మందు పోసి ఇంకా వేగంగా పంపితే గాలి ఇంకా గట్టిగా అడ్డుకుంటుంది, అదనంగా వచ్చిన వేగంలో చాలా భాగం దారిలోనే పోతుంది. మన దగ్గర మిగిలేది భుజం నొప్పీ, కళ్లు మూసుకునే అలవాటూ. అందుకే నా మాట: పెద్ద జంతువుకి వెళ్తుంటే గుండు పెంచండి, మందు పెంచకండి.

గాలివాటు సంగతి కూడా ఇంతే. గంటకు పది మైళ్ల అడ్డగాలి, అంటే ఆకులు గలగలలాడే గాలి, గుండ్రటి గుండుని 50 గజాల దగ్గర సుమారు రెండు అంగుళాలే పక్కకి నెడుతుంది. 100 గజాల దగ్గర అది తొమ్మిది, పది అంగుళాలవుతుంది. దూరం రెట్టింపైతే తప్పు నాలుగైదు రెట్లయింది. జింక ఊపిరితిత్తులున్న చోటు ఎనిమిది అంగుళాల వెడల్పు. గుండె వెనకగా గురిపెట్టినవాడి గుండు పొట్టలోకి ఎలా పోతుందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. నాకు ఇది ఆ అక్టోబర్‌కి ముందే తెలిసుంటే!

మెలి అంటే గొట్టం లోపల చెక్కిన గాడుల చుట్టు. గుండ్రటి గుండుకి నెమ్మది చుట్టు చాలు, 60 లేదా 66 అంగుళాలకు ఒకసారి తిరిగితే బాగుంటుంది. పొడుగాటి బుల్లెట్ గాల్లో తలకిందులు కాకుండా ఉండాలంటే వేగంగా తిరగాలి, ఇన్‌లైన్ తుపాకుల్లో సాధారణంగా 28 అంగుళాలకే ఒక చుట్టు ఉంటుంది. 1970లో వచ్చిన థాంప్సన్ సెంటర్ హాకెన్ లాంటివాటిలో 48 పెట్టారు, అటూ ఇటూ కాకుండా రెంటికీ పనికొస్తుందని. కొంతవరకు పనికొస్తుంది కూడా. కానీ 28 చుట్టు ఉన్న గొట్టంలో గుండ్రటి గుండు వేసి 100 గ్రెయిన్ల మందు పోస్తే, గుండు గాడుల్ని పట్టుకోలేక జారిపోతుంది. నేను అదీ చేసి చూశాను. 50 గజాల దగ్గర అయిదు గుండ్లూ కలిపి చాటంత చోటులో చెదిరాయి. తుపాకీ మంచిదే, గుండూ మంచిదే, రెంటికీ పొత్తు కుదరలేదు.

ఈ వరసని నాకంటే ముందు మన దేశపు అడవుల్లోనే ఒకాయన గట్టిగా వాదించాడు. 1860ల్లో సాత్పురా కొండల్లో పనిచేసిన బెంగాల్ సైన్యాధికారి జేమ్స్ ఫోర్సిత్. పచ్‌మఢీలో ఆయన కట్టించిన బంగ్లా ఇప్పటికీ ఉంది. పులికీ, అడవి దున్నకీ ఆయన కోరినది 14 బోర్ గుండు. పౌను సీసంతో పద్నాలుగు గుండ్లు పోస్తే ఒక్కొక్కటి 500 గ్రెయిన్లు వస్తుంది, అంత బరువు. దానికి 104 అంగుళాలకు ఒక చుట్టు. దాదాపు తిన్నని గాడులే అనొచ్చు. ముందు జంతువు, ఆ జంతువుకి తగిన గుండు, గుండుకి తగిన మెలి, ఆ మెలితో చేయించిన తుపాకీ, అదే వరస. మందు విషయంలో మాత్రం నేను ఆయనతో ఏకీభవించను. గుండు నేరుగా పోవాలని ఆయన మందు బాగా దట్టించేవాడు. ఆయన తుపాకీ బరువూ, ఆయన రోజూ చేసిన సాధనా వేరు. ఏడాదికి పది రోజులు అడవికి వెళ్లే నాలాంటివాడికి ఆ దెబ్బ తట్టుకుని గురి నిలబెట్టడం కుదరదు.

అమెరికాలోనూ పాఠం ఇదే. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ చుట్టుపక్కల జర్మన్ పనివాళ్లు చేసిన పొడవాటి రైఫిళ్లు చిన్న కాలిబర్‌వి. తూర్పు అడవుల్లో జింకకి అవి సరిపోయాయి, సీసం కూడా ఆదా. పడమటికి వెళ్లేసరికి లెక్క మారింది. 1805 మే 14న మిస్సోరీ నది ఒడ్డున, పడమటి దారులు వెతుకుతూ వెళ్లిన లూయిస్, క్లార్క్ బృందంలో ఆరుగురు మంచి వేటగాళ్లు ఒక గ్రిజ్లీ ఎలుగుని చుట్టుముట్టారు. ఎనిమిది గుండ్లు తగిలాక గానీ అది పడలేదు. ఈ లోపల ఇద్దరు ప్రాణభయంతో నదిలోకి దూకారు. తర్వాతి దశాబ్దాల్లో సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ హాకెన్ సోదరులు పొట్టిగా, మందంగా, 50 నుంచి 54 కాలిబర్ దాకా గొట్టాలు చేశారు. బొచ్చు వేటకి పడమటి కొండల్లో తిరుగుతూ పెద్ద జంతువుల్ని ఎదుర్కోవాల్సినవాళ్లు వాటి కోసం డబ్బు కూడబెట్టుకుని కొనేవాళ్లు.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది 54 కాలిబర్ చెకుముకి తుపాకీ, 60 అంగుళాలకు ఒక చుట్టు. దీనికి తగిన మందు, గుడ్డ తేల్చుకోడానికి నాకు ఒక శీతాకాలం పట్టింది. అది చెప్పకపోతే ఈ వ్యాసం సగమే.

గుండ్రటి గుండు గొట్టం కంటే కాస్త చిన్నది. ఆ సందు మూసేది నూనె పట్టించిన గుడ్డ, ప్యాచ్ అంటారు. గుండుని ఆ గుడ్డలో చుట్టి దించుతాం. గాడుల్ని పట్టుకునేది గుడ్డే, గుండుని తిప్పేదీ గుడ్డే. పేలాక అది మూతి నుంచి పది పదిహేను అడుగుల అవతల పడుతుంది. మంచు మీద నల్లగా కనిపిస్తుంది. చాలామంది దాన్ని అక్కడే వదిలేసి టార్గెట్ దగ్గరికి పరిగెత్తుతారు. మా ఊళ్లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన నన్ను చేయి పట్టి ఆపి, "కాగితం తర్వాత, ముందు గుడ్డ చదువు" అన్నాడు. వంగి ఏరాను. నా మొదటి మూడు గుడ్డలూ మధ్యలో కాలి బెజ్జాలు పడ్డాయి, అంచులు పీచులు పీచులుగా ఉన్నాయి. గుడ్డ పల్చన, 0.010 అంగుళాలు. మంట గుడ్డని దాటి గుండు చుట్టూ తోసుకుపోతోందన్నమాట. 0.018 మందం ఉన్న దళసరి నూలు గుడ్డకి మారాను. గొర్రె కొవ్వూ తేనెమైనమూ కలిపి కరిగించి పట్టించాను. తర్వాత ఏరిన గుడ్డ చెక్కుచెదరలేదు. మధ్యలో గుండు కూర్చున్నచోట నల్లటి చక్రం, దాని చుట్టూ గాడులు నొక్కుకున్న సన్నని చారలు, అంచు పూర్తిగా నిలిచింది. దాన్ని ఇప్పటికీ నా సంచిలో దాచుకున్నాను.

మందు 60 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టి అయిదేసి చొప్పున పెంచాను. ప్రతి మోతాదుకీ అయిదు గుండ్లు, ప్రతి పేలుడు తర్వాత తడిగుడ్డతో గొట్టం తుడవడం, 50 గజాలు. 75 దగ్గర అయిదూ ఇడ్లీ అంత చోటులోకి వచ్చేశాయి. 80 దగ్గర కాస్త విచ్చాయి, 90 దగ్గర ఇంకా విచ్చాయి. అంతే, 75 నా మోతాదు. సుమారు అయిదు గ్రాములు. ఈ తుపాకీకి తయారీదారు ఇచ్చిన గరిష్ఠం ఇంతకంటే చాలా ఎక్కువే. కానీ గరిష్ఠం అంటే దాటకూడని గీత, చేరుకోవాల్సిన గమ్యం అనుకోవద్దు. బిళ్లల మందుతో ఉన్న పెద్ద లోపం ఇదే. ఒకటి వేస్తే 50, రెండు వేస్తే 100. మీ తుపాకీ ఇష్టపడే 75 మధ్యలో ఎక్కడో ఉండిపోతుంది.

ఆ 75 గ్రెయిన్లతో మొన్న జనవరిలో 45 గజాల దగ్గర ఒక మగ జింకని కొట్టాను. పక్కగా నిలబడి ఉంది. గుండు ఒక వైపు నుంచి దూరి రెండు ఊపిరితిత్తుల్నీ దాటి అవతలికి పోయింది. అరవై అడుగులు పరిగెత్తి పడిపోయింది. మంచు మీద రెండు వైపులా రక్తపు జాడ. అయినా అరగంట ఆగి వెళ్లాను. అలా ఆగాలి, తొందరపడి తరిమితే గాయపడ్డ జంతువు చాలా దూరం వెళ్లిపోతుంది. "ఈ కాలంలో గోళీకాయతో వేటేంటి, కాగితం మీద శక్తి లెక్క చూడు ఎంత తక్కువో" అని ఆన్‌లైన్‌లో నన్ను చాలామంది అడిగారు. లెక్క తక్కువే. కానీ మెత్తటి స్వచ్ఛమైన సీసం, అర అంగుళం పైన వ్యాసం, ఇంకా విచ్చుకోనక్కర్లేనంత పెద్ద రంధ్రం. సరైన చోట తగిలితే జింకకి ఇంతకంటే అక్కర్లేదు. సరైన చోట తగలకపోతే దీనికి మూడు రెట్లున్నా జంతువుకి మేలు జరగదు. నేను ప్రత్యక్షంగా చూశాను.

మరి ఎల్క్? మగ ఎల్క్ 300 కిలోల జంతువు, ఎముక లావు. ఇక్కడ నేను గుండ్రటి గుండు మీద మొండిపట్టు పట్టను. 54తో 60 గజాల లోపల, జంతువు పక్కగా నిలబడితే కొట్టొచ్చు. కానీ మొదటిసారి వెళ్లే మా బావమరిదికి నేను చెప్పింది 50 కాలిబర్ ఇన్‌లైన్, గొట్టానికి సరిపోయే పొడుగాటి సీసపు బుల్లెట్, 350 నుంచి 400 గ్రెయిన్ల మధ్య. సాబో ఉండదు కాబట్టి కొలరాడోలో అభ్యంతరం లేదు. బుల్లెట్ గురించి ఆ ఏడాది రూల్స్ మాత్రం చూసుకోవాలి. 80, 90 గ్రెయిన్ల పొడి మందు చాలు. అంత బరువైన సీసం నెమ్మదిగా వెళ్లినా లోతుగా దిగుతుంది, దారిలో వేగం అంత త్వరగా పోగొట్టుకోదు. దెబ్బ మాత్రం గట్టిగా కొడుతుంది, దానికి అలవాటు పడాలి. ఇంకో ప్రమాదం ఉంది. గుడ్డ లేని ఈ బుల్లెట్, తుపాకీ మూతి కిందికి పెట్టుకుని కొండ ఎక్కుతుంటే మెల్లగా ముందుకు జారొచ్చు. మందుకీ బుల్లెట్‌కీ మధ్య ఖాళీ ఏర్పడితే పేలినప్పుడు గొట్టం ఉబ్బవచ్చు, పగలనూవచ్చు. అందుకే కడ్డీ మీద ఒక గీత పెట్టుకోవాలి. బుల్లెట్ మందు మీద సరిగ్గా కూర్చున్నప్పుడు గొట్టం మూతికి ఆ గీత సరిపోవాలి. నేను గంటకోసారి కడ్డీ దించి చూస్తాను.

మందు రకాల గురించి ఎక్కువ చెప్పను. అసలైన నల్లమందు అంటే సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. ఒకప్పుడు యూరప్ సైన్యాలు పేల్చిన మందులో సురేకారం ఎక్కువగా మన బీహార్ నుంచే వెళ్లేది. చెకుముకి తుపాకీకి ఈ నల్లమందే వాడాలి, పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు అంటుకోడానికి ఎక్కువ వేడి కావాలి, చెకుముకి రవ్వకి అంత వేడి ఉండదు. ఇన్‌లైన్‌లో అవి బాగానే పేలతాయి. వాటిని తూకంతో కొలవకూడదు, నల్లమందు కొలపాత్రతోనే కొలవాలి. వాటిలో ట్రిపుల్ సెవెన్ అనే రకం మరీ చురుకైనది, నల్లమందు కంటే 15 శాతం తగ్గించి పోయాలి. మామూలు తూటాల్లో వాడే పొగరాని మందు మాత్రం వీటిలో చిటికెడు కూడా పోయకూడదు, దానికోసమే చేశామని తయారీదారు స్పష్టంగా చెప్పినవాటిలో తప్ప. గొట్టం పగిలి చేతులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. డబ్బా నుంచి నేరుగా గొట్టంలోకి పోయడం కూడా వద్దు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా అంతా చేతిలోనే పేలుతుంది. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే కనీసం ఒక నిమిషం టార్గెట్ వైపే పట్టుకుని కదలకుండా నిలబడాలి. ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా వేడినీళ్లతో గొట్టం కడగాలి, ఆరబెట్టి నూనె రాయాలి. నల్లమందు మసి గాలిలో తేమని పీల్చుకుని ఒక్క రాత్రిలో తుప్పు పట్టిస్తుంది.

మన వాళ్లలో కొందరు అసలు వేటే ఎందుకని నన్ను అడుగుతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నేను మాంసం తింటాను. తినే జంతువు ఎలా చచ్చిందో నా కళ్లతో చూసి, ఆ బాధ్యత నేనే మోయాలనుకున్నాను. అలా అనుకున్నాక అది ఒక్క దెబ్బకే, బాధ లేకుండా పోయేలా చూడటం నా పని. ఇంతసేపు గుండు, మెలి, మందు అని మాట్లాడింది దాని కోసమే.

జూలై అంతా బావమరిది ప్రతి శనివారం రేంజ్‌కి వెళ్లాడు. నిన్న రాత్రి ఫోటోలు పంపాడు. 75 గజాల దగ్గర అయిదు బుల్లెట్లు అరచేతి కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. 100 దగ్గర నాలుగు బాగానే ఉన్నాయి, అయిదోది ఎడమకి ఏడు అంగుళాలు పోయింది.

"గాలి బావా" అన్నాడు.

"అక్కడ సెప్టెంబర్‌లో గాలి ఉండదా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, 75" అన్నాడు. కడ్డీ మీద గీత పెట్టావా అని అడిగాను. పెట్టాడట.